తమ్ముడి పేరున పురస్కారం, అక్క చేసిన పని

విజయవాడ నుంచి జగ్‌దల్‌పూర్ వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ పొలిమేరకు చేరువగా ఉంటుంది తిరువూరు. నిన్నమొన్నటిదాకా అది కృష్ణా జిల్లా, నూజివీడు రెవెన్యూ డివిజను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో చేరి, తానే ఒక డివిజను కేంద్రమైంది. నూజివీడు ఏలూరు జిల్లాకు పోయింది. నందిగామ మాత్రం తిరువూరుతో పాటే ఎన్టీఆర్ జిల్లాలో ఉండిపోయింది. పాలన కోసం గీసిన ఈ గీతలను కాసేపు పక్కన పెట్టి చూస్తే, తిరువూరుకు అటూ ఇటూ ఉన్న ఆ రెండు పట్టణాల్లో ఒక పెద్ద కథకు మొదలు దొరుకుతుంది. నందిగామలో 1874లో భండారు అచ్చమాంబ పుట్టింది. నూజివీడులో మాలతీ చందూర్ పుట్టారు. ముఖం చూడని మనుషులతో రాతల్లో చెలిమి కట్టడం, పదిమందికీ పనికొచ్చే సంగతులు పోగేయడం, వీలు చిక్కినప్పుడు ఒకచోట కూడి మాట్లాడుకోవడం ఇంటర్నెట్‌తో పుట్టిన అలవాట్లు కావు. తెలుగు ఆడవాళ్ళకు వాటితో నూట ఇరవై ఏళ్ళ పైబడిన పరిచయం ఉంది.

అయితే ఆ చరిత్ర ఎవరి పేరున నమోదైందన్నది వేరే సంగతి.

తెలుగు వికీపీడియా పదేళ్ళ పండుగ 2014 ఫిబ్రవరి 15, 16 తేదీల్లో విజయవాడ కె.బి.ఎన్. కళాశాలలో జరిగింది. తిరువూరు బస్సు దిగినవాళ్ళకు అది పెద్ద దూరమేమీ కాదు. చెప్పుకోదగ్గ కృషి చేసిన రచయితలకు ఈ సముదాయం ఇచ్చే పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావు పేరు పెట్టారు. పేరు సబబైనదే. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టిన లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నిలబెట్టినవాడు. తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వానికి నడుం కట్టి, అకారం దాటకుండానే మూడు సంపుటాలు తెచ్చి, పని సగంలో ఉండగానే 1923లో కన్నుమూసినవాడు. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వానికి ఆయన్ని మించిన పెద్దదిక్కు ఎవరుంటారు?

ఉన్నారు. ఆయనకన్నా మూడేళ్ళు పెద్దదైన అక్క. అచ్చమాంబ ఆమే.

అచ్చమాంబకు పసితనంలోనే పెళ్ళయింది. భర్త భండారు మాధవరావు మధ్య పరగణాల్లో ఇంజనీరు. తండ్రి పోయాక తల్లీ తమ్ముడూ ఆమె దగ్గరకే చేరారు. లక్ష్మణరావు చదువు నాగపూరులో అక్కాబావల అండన సాగింది. బడి మొహం చూడని అక్క, తమ్ముడు చదువుకునేటప్పుడు పక్కన కూర్చుని తెలుగూ హిందీ నేర్చుకుంది. తర్వాత మరాఠీ, ఇంగ్లిషు, బెంగాలీ, గుజరాతీ, సంస్కృతాల దాకా చేయి చాచింది. ఆమెకు పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదు. ఆ తర్వాత చదువుకునే పరాయి పిల్లల్ని ఇంట్లో పెట్టుకుంది, పుస్తకాల్లో పడింది.

ఆ పుస్తకాల్లోంచి వచ్చిందే 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. 1901లో పుస్తకంగా అచ్చయిన మొదటి భాగం నిండా భారతదేశ చరిత్రలోని స్త్రీల జీవిత కథలే. ఆమె వేసుకున్న ప్రణాళిక పెద్దది. మొదటి భాగంలో చారిత్రక స్త్రీలు, రెండో దాంట్లో వేదాల, పురాణాల, బౌద్ధ కాలపు స్త్రీలు, మూడో దాంట్లో విదేశీ వనితలు. ఆడవాళ్ళకు బుద్ధిబలం తక్కువ, చదువు చెబితే చెడిపోతారు అనేవాళ్ళకు వాదించి జవాబు చెప్పడం కన్నా వరసగా పేర్లు చూపించడం మేలనుకుంది. అచ్చయిన మూలాలు వెతకడం, నాలుగు భాషల్లో దొరికినదాన్ని పోల్చుకోవడం, దొరకని చోట తెలిసినవాళ్ళకు ఉత్తరాలు రాయడం. నేటి వికీ రచయిత్రి పని వరసకు దీనికీ తేడా ఎక్కడుందో చెప్పడం కష్టం. తమ్ముడి విజ్ఞాన సర్వస్వం మొదలవడానికి పదేళ్ళ ముందే అక్క తన వంతు విజ్ఞాన సర్వస్వాన్ని ఆడవాళ్ళ పేర్లతో మొదలుపెట్టేసింది.

ఇంత చదివినామె ఇంట్లో కూర్చుని రాసి ఊరుకోలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించింది. మరుసటి ఏడు ఆంధ్ర ప్రాంతమంతా తిరిగి, వెళ్ళిన ఊళ్ళలో స్త్రీ సమాజాలు పెట్టమని ప్రోత్సహించింది. మధ్య పరగణాల నుంచి మచిలీపట్నం ఎంత దూరమో, ఆ రోజుల్లో రైళ్ళు మారి ఒక గృహిణి అలా తిరగడమంటే ఏమిటో కొంచెం ఊహించుకోవాలి.

సరిగ్గా ఆ కాలంలోనే, 1902లో, ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య 'హిందూ సుందరి' పత్రిక పెట్టాడు. కొద్దికాలానికే దాని సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మల చేతికి వచ్చింది. ఈ పత్రికకూ సమాజాలకూ మధ్య నడిచిన రాకపోకలు గమనించదగ్గవి. ఒక ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు చేరి, ఒకామె రాసుకొచ్చిన ఉపన్యాసం చదివితే, ఆ వార్తా ఆ వ్యాసమూ పత్రికలో వచ్చేవి. అది ఇంకో ఊళ్ళో చదివినామె తన ఊళ్ళోనూ ఒక సమాజం పెట్టాలనుకునేది. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ శ్రీవిద్యార్థినీ సమాజాన్ని నడుపుతూనే 1904లో 'సావిత్రి' పత్రిక తెచ్చింది. వీళ్ళందరూ ఒకే గొంతుతో మాట్లాడలేదు. స్త్రీ పునర్వివాహం దగ్గరా, పాతివ్రత్యం దగ్గరా గట్టిగానే తగవులాడుకున్నారు. నలుగురు కలిసి రాసే చోట తగవు లేకపోతేనే అనుమానించాలి.

అచ్చమాంబ ఈ హడావుడి పూర్తిగా చూడలేదు. ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే జబ్బు సోకి 1905 జనవరిలో బిలాస్‌పూర్‌లో చనిపోయింది. ముప్ఫై ఒకటో ఏడు. రెండో భాగం అసంపూర్తి, మూడో భాగం కాగితం మీదకే రాలేదు. మరుసటి సంవత్సరం లక్ష్మణరావుకు కూతురు పుడితే అక్క పేరే పెట్టుకున్నాడు. ఆ పాప డాక్టరై, బెజవాడలో వైద్యం చేసి, రాజకీయాల్లోకి వచ్చి, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచింది. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ. మేనత్తా మేనకోడలూ ఇద్దరూ పుట్టింటి పేరుతో కొమర్రాజు అచ్చమాంబలే కావడంతో రెండు జీవితాలు కలగాపులగమయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంది. ఇలాంటి చిక్కుల కోసమే తెలుగు వికీలో 'అయోమయ నివృత్తి' అనే పేజీలు పెడతారు. పెళ్ళితో ఇంటిపేరు మారే ఆడవాళ్ళకు ఆ అయోమయం రెండింతలు. పాత పత్రికల్లో ఒకే రచయిత్రి రెండు పేర్లతో కనిపిస్తుంది, లేదా పేరే లేకుండా ఫలానావారి భార్యగా కనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో ఈ ఉత్సాహం జాతీయోద్యమంలోకి మళ్ళింది. వాలంటీరు అనే మాట తెలుగు ఇళ్ళలో వాడుక అయిందీ ఆ రోజుల్లోనే. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల సందర్భంగా పెట్టిన ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ళ వాలంటీరు పిల్ల, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చాకే లోపలికి పంపింది. ఆ పిల్ల దుర్గాబాయి. ఆ వయసుకే రాజమండ్రిలో ఆడపిల్లలకు హిందీ చెప్పే బడి నడుపుతోంది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది కూడా ఆమే. ఆ కాలపు సంఘాల గురించి రాయాలంటే వేరే పుస్తకమే కావాలి కనుక అక్కడ ఆగకుండా నూజివీడు వైపు వద్దాం.

మాలతీ చందూర్ 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక మొదలుపెట్టారు. అది నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. పాఠకురాలు ఉత్తరం రాస్తుంది, మాలతి జవాబిస్తారు. సందేహం పూర్ణం బూరెలు విచ్చిపోవడం గురించి కావచ్చు, అత్తగారి గురించి కావచ్చు, ఆగిపోయిన చదువు గురించి కావచ్చు. ఎవరి పేరూ బయటపడాల్సిన పని లేదు. ఒకామె అడిగిన ప్రశ్నకు జవాబు వేలమందికి అందేది, వాళ్ళలో కొందరికి అది అచ్చం తమ ప్రశ్నే. 'వంటలు–పిండివంటలు' పుస్తకంతో వంటింట్లో, నవలా పరిచయాలతో వసారాలో, సలహాలతో పడకటింట్లో ఆవిడకు చోటు దొరికింది. చిన్న ఊళ్ళలో ఆంధ్రప్రభ వచ్చే రోజుకోసం ఎదురుచూసిన ఇల్లాళ్ళు ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. కానీ ఒకే ముంగిట్లో కూర్చున్నట్టే మాట్లాడుకున్నారు. 'హృదయనేత్రి' నవలకు ఆమెకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పండితులు లెక్కలోకి తీసుకున్నది ఆ నవలనే. నలభై ఏళ్ళ ఉత్తరాల్లో పోగైన ఆంధ్ర స్త్రీల రోజువారీ చరిత్రను విలువ కట్టినవాళ్ళు తక్కువ.

ఆ లోటును గుర్తుపట్టింది తర్వాతి తరం. హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళ మాటల్లోనే చెప్పించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. తిరువూరు దాటితే వచ్చే మధిర, ఖమ్మం ప్రాంతాలు ఆ పోరాటం నడిచిన నేలలో భాగమే. తుపాకీ పట్టినవాళ్ళు, కొరియర్లుగా రాత్రుళ్ళు అడవులు దాటినవాళ్ళు పోరాటం అయిపోయాక ఇంటికి వెళ్ళమనిపించుకుని, ఏ చరిత్ర పుస్తకంలోనూ లేకుండా పోయారు. టేపు రికార్డరు పట్టుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళినవాళ్ళూ ఆ పనిని ఉద్యోగంగా చేసినవాళ్ళు కారు.

1993లో మొదలైన 'భూమిక' పత్రిక ఇదే దారిలో ఇంకో అడుగు వేసింది. సంపాదకురాలు కొండవీటి సత్యవతి రచయిత్రులను కూడగట్టి ప్రయాణాలు పెట్టారు. ఇంటి బాధ్యతలు రెండు రోజులు వదిలి ఆడవాళ్ళు ఆడవాళ్ళతో కలిసి ఊరు దాటడమే కొందరికి మొదటి అనుభవం. ఈ సత్యవతే తర్వాత అచ్చమాంబ జీవిత చరిత్ర రాశారు. తొలి తెలుగు కథ ఏదన్న వివాదంలో అచ్చమాంబ పేరు మళ్ళీ వినబడిందీ ఆ కాలంలోనే. గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటిది. అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో అచ్చయింది. తారీఖులు ఇంత తేటగా ఉన్నా 2010లో తెలుగు కథకు నూరేళ్ళ పండుగ చేసుకున్నారు. శిల్పం దృష్ట్యా వాదించేవాళ్ళు వాదించవచ్చు. కానీ ఎనిమిదేళ్ళ తేడాను శిల్పంతో పూడ్చడానికి అంత ఓపిక దేనికో అర్థం కాదు.

ఇక ఇంటర్నెట్.

వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. తొలి రోజుల్లో రాసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది, ఎక్కువగా అమెరికాలోనో బెంగుళూరులోనో కంప్యూటరు ఉద్యోగాల్లో ఉన్న మగవాళ్ళు. తెలుగు టైపు చేయడమే పెద్ద గండం. 2006లో వీవెన్ 'లేఖిని' తయారుచేసి వదిలాక, ఇంగ్లిషు అక్షరాలు కొట్టి తెలుగు రాయడం సులువైంది. టైపు నేర్చుకోవడానికి ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళే తీరిక లేని గృహిణులకు ఇది తాళం తీసిన తలుపు. పిల్లలు బడికి వెళ్ళాక దొరికే రెండు గంటల్లో వాళ్ళు బ్లాగులు రాశారు. వంటలు రాశారు, పాత సినిమా పాటలు రాశారు, నెమ్మదిగా కథలూ కోపాలూ రాశారు.

కోపాలు రాయగానే 'అజ్ఞాత' అనే పేరుతో వచ్చే వ్యాఖ్యలు మొదలయ్యాయి. పేరు లేని ధైర్యం ఎంత దూరం పోతుందో ఆ రోజుల్లో బ్లాగులు రాసిన ఆడవాళ్ళను అడగాలి. వలబోజు జ్యోతి మహిళా బ్లాగర్ల కోసం విడిగా ఒక గుంపు కట్టారు. దానికి పెట్టిన పేరు 'ప్రమదావనం'. మాలతీ చందూర్ శీర్షిక చదివి పెరిగిన తరం అది. లోపలి మాటలు లోపలే ఉండే ఆ గుంపు కబుర్లతో ఆగలేదు. చందాలు వేసుకుని అనాథ పిల్లలకూ వృద్ధులకూ సాయం చేశారు. వీలైనప్పుడు కలుసుకున్నారు. రాజమండ్రి నుంచి పుట్ల హేమలత 2011లో 'విహంగ' మహిళా వెబ్ పత్రిక మొదలుపెట్టి, 2019లో చనిపోయేదాకా దాన్ని మోశారు. 1902 నాటి 'హిందూ సుందరి' మళ్ళీ గోదావరి జిల్లాల్లోనే, తెర మీద, ఒక దళిత రచయిత్రి చేతుల మీదుగా తెరుచుకుందనుకోవచ్చు.

వికీపీడియా మాత్రం ఇంతగా వశం కాలేదు. ఇది తెలుగువాళ్ళకే ఉన్న తెగులు కాదు. 2008 నాటి ఒక అంతర్జాతీయ సర్వేలో వికీపీడియా రాసేవాళ్ళలో ఆడవాళ్ళు 13 శాతం కూడా లేరని తేలింది. 2011 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆ సంగతి రాస్తే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. అప్పటి వికీమీడియా ఫౌండేషన్ అధిపతి స్యూ గార్డ్‌నర్ 2015కల్లా 25 శాతానికి తెస్తామన్నారు. తేలేకపోయామని తర్వాత ఆమే ఒప్పుకున్నారు. రాసేవాళ్ళు ఎవరైతే రాసే విషయాలూ వాళ్ళవే అవుతాయి. ఇంగ్లిషు వికీలోని జీవిత చరిత్రల్లో స్త్రీలవి 2014 ప్రాంతంలో 15 శాతం పైచిలుకు. 2015లో పుట్టిన 'విమెన్ ఇన్ రెడ్' లాంటి బృందాలు ఏళ్ళ తరబడి కష్టపడితే ఇప్పటికి 20 శాతం దరిదాపులకు చేరింది.

2018 అక్టోబరులో డొనా స్ట్రిక్‌లాండ్‌కు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించిన క్షణానికి వికీపీడియాలో ఆమెకు పేజీ లేదు. కొన్ని నెలల ముందే ఎవరో రాసి పంపితే, తగిన మూలాలు లేవని తిప్పి పంపారు. నియమం ప్రకారం చూస్తే తిప్పి పంపినవాళ్ళది తప్పనీ అనలేం. ఒక మనిషి గురించి బయటివాళ్ళు రాసినది ఉంటేనే వికీ రాయాలి. బయటివాళ్ళు ఆడవాళ్ళ గురించి రాయకపోతే వికీ ఏం చేస్తుంది?

కెనడా ప్రొఫెసరుకే అలా ఉంటే, తెలుగు పల్లెల సంగతి ఇక చెప్పేదేముంది. తెలుగు వికీలో ఊళ్ళకు వేల పేజీలున్నాయి. జనాభా లెక్కల నుంచి ఆడవాళ్ళెంతమంది, అక్షరాస్యులెంతమంది, బస్సు సౌకర్యం ఉందా, తాగునీరు ఎక్కడినుంచి అన్నీ చేర్చారు. కానీ 'ప్రముఖులు' అనే చోటికి వచ్చేసరికి చాలా పేజీల్లో సర్పంచులు, స్వాతంత్ర్య సమరయోధులు, కవులు, సినిమా నటులు. ఆడవాళ్ళు పై లెక్కలోనే అంకెగా ఉంటారు. ఎన్టీఆర్ జిల్లాలోనే మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ గుడి ఉంది. ఆ అమ్మ కథ నోటి మాటగా, పాటగా, తిరునాళ్ళగా తరాలు దాటి వచ్చింది. జనం మరచిపోకూడదనుకున్న స్త్రీ జీవితాన్ని కాగితం లేకుండానే నిలబెట్టుకున్నారు. 2020 నుంచి ఏటా జరుగుతున్న 'ఫెమినిజం అండ్ ఫోక్‌లోర్' వికీ పోటీల్లో ఇలాంటి కథలకే చోటు. తెలుగు వికీ కూడా అందులో పాల్గొంటోంది.

ఆడవాళ్ళు రాకపోవడానికి కారణాలు చెప్పమంటే మొదట తీరిక అంటారు. అది సగం నిజమే. టీవీ సీరియలుకు దొరికే తీరిక వికీకి దొరకదా అని ఎగతాళి చేసేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. సీరియలు చూస్తూ చిక్కుడుకాయలు ఒలవవచ్చు, మూలాలు వెతకలేం. రెండోది, రాసినదాన్ని ఎవరో మొహమాటం లేకుండా తీసేస్తే పడాల్సిన మాట. వికీలో చర్చలన్నీ అందరికీ కనిపిస్తాయి, శాశ్వతంగా ఉండిపోతాయి. కొత్తగా వచ్చినామె రాసిన మొదటి వ్యాసం మీద దాన్ని తీసేయాలన్న హెచ్చరిక పట్టీ పడితే, మగవాడు వాదానికి దిగే చోట ఆమె చప్పుడు చేయకుండా లాగవుట్ అవుతుంది. ఆ తర్వాత ఎందుకు రాలేదని అడిగేవాళ్ళుండరు, ఎందుకంటే ఆమె ఎవరో ఎవరికీ తెలియదు.

అందుకే ఎదురుగా కూర్చునే సమావేశాలు ఈ కథలో అంత ముఖ్యమయ్యాయి. 2013 ఉగాదికి హైదరాబాదులో తెలుగు వికీ మహోత్సవం జరిగింది. ఆ రోజుల్లో నెలనెలా సమావేశాలు అబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో జరిగేవి. అది సరోజినీ నాయుడు పెరిగిన ఇల్లు. 1905లో వచ్చిన ఆమె తొలి ఇంగ్లిషు కవితా సంపుటి పేరే ఇంటికి నిలిచింది. ఆమె కూతురు పద్మజ ఆ ఇంటిని దేశానికి ఇచ్చేశాక, 1970లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదట అక్కడే తెరుచుకుంది. ఆడవాళ్ళ చరిత్ర ఇంత దట్టంగా అల్లుకున్న ఇంట్లో, ఆడవాళ్ళు అరుదుగా వచ్చే సమావేశాలు జరిగాయి.

సమావేశాలు పెట్టినవాళ్ళకు చెడ్డ ఉద్దేశం లేదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కనుక ఆదివారం పెట్టుకున్నారు. ఆదివారం తెలుగింట్లో మగవాడికి సెలవు, పొయ్యికి కాదు. మాంసం తెచ్చే రోజు, చుట్టాలొచ్చే రోజు, పిల్లల తలంట్ల రోజు. మధ్యాహ్నం మూడింటికి అబిడ్స్ చేరాలంటే ఇల్లాలు ఎన్ని పనులు ముందుకు జరుపుకోవాలి? అదే పదిరోజుల ముందు చెప్పి, కాలేజీలో పగటిపూట శిక్షణ పెడితే అమ్మాయిలు వచ్చారు. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల లాంటి చోట్ల విద్యార్థులకు వికీ శిక్షణలిచ్చినప్పుడు కనబడింది ఇదే. అమ్మాయిల్లో చాలామంది వ్యాసాల కన్నా ముందు, పాత పుస్తకాలను తెర మీదకు ఎక్కించే వికీసోర్స్‌కు అలవాటు పడతారు. పాత పుస్తకం పేజీ బొమ్మ ఒకపక్క, టైపు చేసిన పాఠం ఒకపక్క. తప్పులు దిద్దుతూ పోవాలి. పావుగంట దొరికితే ఒక పేజీ అవుతుంది, వచ్చి దెబ్బలాడేవాళ్ళుండరు. రచయిత పోయి అరవై ఏళ్ళు దాటితే మన దేశంలో కాపీహక్కు తీరిపోతుంది కనుక అచ్చమాంబ రాసినవీ లక్ష్మణరావు రాసినవీ అలా ఎక్కించడానికి ఏ అడ్డూ లేదు.

పెద్ద సభలకైతే ప్రయాణ ఖర్చు, బస, తోడు అన్నీ లెక్కే. ఒంటరిగా రైలెక్కి తెలియని ఊళ్ళో, అప్పటిదాకా తెర మీద పేరుగా మాత్రమే తెలిసిన మనుషుల మధ్యకు వెళ్ళడానికి ఇంట్లో ఒప్పించాలి. ప్రపంచంలోని వికీ మహిళలంతా తమకంటూ ఒక శిబిరం పెట్టుకోవాలనుకున్నది ఈ ఇబ్బందులను కలబోసుకోవడానికే. మొదటిది 2012లో బ్యూనస్ ఐరిస్‌లో, రెండోది 2017లో మెక్సికో సిటీలో, మూడోది 2023 అక్టోబరులో ఢిల్లీలో జరిగాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో హైదరాబాదులో దేశవ్యాప్త వికీ సదస్సు జరిగింది. తెలుగు వికీ ఇరవయ్యేళ్ళ పండుగ 2024 జనవరిలో విశాఖపట్నంలో, మరుసటి ఏడాది 'తెవికీ పండగ' తిరుపతిలో జరిగాయి. బస ఏర్పాటు, ప్రయాణ ఖర్చులు సముదాయమే చూసుకునే పద్ధతి ఈ సభల్లో స్థిరపడింది. ఒకామె ధైర్యం చేసి వస్తే, మరుసటి ఏడు ఆమెతో పాటు ఇంకొకామె వస్తుంది. 1903లో అచ్చమాంబ ఊరూరూ తిరిగి చేసిన పని పద్ధతీ ఇదే.

పల్లె ఆడవాళ్ళకు కూడి కూర్చోవడం కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చి అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే సారా దుకాణం మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్ళింది. ఆ వెనకే డ్వాక్రా సంఘాలు ఊరూరా వెలిశాయి. ఇవాళ తిరువూరు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా నెలనెలా సమావేశమై, తీర్మానాలు పుస్తకంలో ఎక్కించి, పొదుపు లెక్కలు ఫోనులో చూసుకునే ఆడవాళ్ళు కనబడతారు. సంఘం పుస్తకం రాసే అమ్మాయికి తారీఖు వేయడం, హాజరు రాయడం, ఎవరేమన్నారో రెండు ముక్కల్లో పెట్టడం వచ్చు. వికీ రాయడానికి కావలసిన క్రమశిక్షణ అంతకన్నా పెద్దదేమీ కాదు. అలాంటి పుస్తకాలు మూలాలుగా చెల్లవు. చరిత్రకు మాత్రం బాగా చెల్లుతాయి. చెదలు పట్టకముందు ఎవరైనా చూడాలి.

తెలుగు వికీపీడియా ఇప్పుడు లక్ష వ్యాసాలు దాటింది. ఇంగ్లిషు పేజీని తెలుగులోకి మార్చే అనువాద పరికరం వచ్చాక, మార్చి నెల పోటీల్లో విదేశీ స్త్రీల పేజీలు చకచకా తయారవుతున్నాయి. అక్కడ మూలాలు ముందే ఉంటాయి, అడ్డు చెప్పేవాళ్ళుండరు, సాయంత్రానికి ఒకటి రెండు పూర్తవుతాయి. అచ్చమాంబ రాద్దామనుకుని మొదలుపెట్టలేకపోయిన మూడో భాగం అలా దానంతటదే పెరుగుతోంది. తిరువూరు, మైలవరం, విస్సన్నపేట ఆడవాళ్ళ గురించి రాయాలంటే మటుకు దినపత్రికల జిల్లా ఎడిషన్లు తిరగేయాలి, బడుల వార్షికోత్సవ సంచికలు వెతకాలి, శాఖా గ్రంథాలయంలో పాత 'గృహలక్ష్మి' పత్రిక ప్రతులు ఉన్నాయేమో అడగాలి. ఆ పని ఫోనులో కూర్చుని అయ్యేది కాదు. నలుగురు కలిసి, ఒక రోజంతా పెట్టుకుని, ఊళ్ళోకి దిగి చేయాల్సినది.